బడి కాలం, ఇంటి కాలం

బడి నడుస్తున్న రోజుల్లో కుటుంబ యాత్ర కోసం చిన్నపిల్లల చేత బడి మాన్పించవచ్చునా అన్న ప్రశ్న ఈ స్మారకోపన్యాసానికి అంశం. ఉద్యోగ జీవితమంతా ఒకటి, రెండు తరగతులకే పాఠం చెప్పిన ఉపాధ్యాయుని స్మృతిలో ఏర్పాటైన సభ ఇది. ఎదుట ఉన్నవారిలో ఉపాధ్యాయులు ఉన్నారు, హాజరు పట్టీలు తనిఖీ చేసిన అధికారులు ఉన్నారు, మనుమలు విదేశాల్లో చదువుకుంటున్న పెద్దలు ఉన్నారు. ఒకే ప్రశ్న వీరికి మూడు రకాలుగా వినిపిస్తుంది. ఉపాధ్యాయునికి అది తరగతిలో ఏర్పడే ఖాళీ, అధికారికి నియమభంగం, అమ్మమ్మకూ తాతకూ ఏడాదికో రెండేళ్లకో దొరికే మనుమడి సాన్నిధ్యం. మూడూ నిజాలే కావడం వల్ల దీన్ని క్రమశిక్షణ పేరుతోనో, స్వేచ్ఛ పేరుతోనో ఒక్క మాటలో తేల్చివేయడం సాధ్యం కాదు.

ఈ ప్రశ్న దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి తేలిన చోటు ఇంగ్లండు. అందుచేత ఆ దేశపు అనుభవమే ఇక్కడ ప్రధాన ఆధారం. దాన్ని ఆసాంతం పరిశీలిస్తే ఒక విషయం స్పష్టపడుతుంది. బడి కాలాన్నీ ఇంటి కాలాన్నీ పొందించవలసిన బాధ్యత ఒకప్పుడు బడి, పని ఇచ్చే యజమాని, కుటుంబం ముగ్గురూ పంచుకున్నది. నూట యాభై ఏళ్లలో అది జరిగి జరిగి తల్లిదండ్రుల మీదే పడింది. నేటి వివాదం పుట్టింది ఆ జరుగుబాటులోనే.

నిర్బంధ విద్యకు ముందు పల్లెటూరి పిల్లల ఏడాదిని వ్యవసాయం నడిపేది. కోతలకు, పక్షులను తోలడానికి, బంగాళాదుంపలు ఏరడానికి పిల్లలు కావాలి. బడి ఉన్న చోట కూడా పిల్లలు పొలం పని తీరినప్పుడే వచ్చేవారు. 1862లో రాబర్ట్ లో అనే మంత్రి ప్రవేశపెట్టిన సవరించిన నియమావళి ఈ స్థితిని మొదటిసారి డబ్బుతో ముడిపెట్టింది. పిల్లల హాజరును బట్టి, చదవడం, రాయడం, లెక్కల పరీక్షలో వారి ఫలితాన్ని బట్టి బడికి ప్రభుత్వ గ్రాంటు అందేది. ప్రధానోపాధ్యాయుడు రోజువారీ దినచర్య పుస్తకం రాయవలసి వచ్చింది. ఆ పుస్తకాల్లో ఇప్పటికీ కోతల గైర్హాజరు, జాతరల గైర్హాజరు, వాన గైర్హాజరు వరుసగా కనిపిస్తాయి. హాజరు పట్టీ పిల్లవాడి క్షేమానికి కొలతగా కాక గ్రాంటుకు లెక్కగా ఇంత ప్రాముఖ్యం సంపాదించుకున్నదన్న సంగతి గుర్తుంచుకోదగినది. ఆ స్వభావం దాన్ని పూర్తిగా ఎన్నడూ విడిచిపెట్టలేదు.

1870 చట్టం ఊరూరా బడి బోర్డులు ఏర్పడడానికి వీలు కల్పించి, హాజరును నిర్బంధం చేసే ఉపవిధులు రాసుకునే అధికారాన్ని వాటికి ఇచ్చింది. 1880 చట్టం ఆ ఉపవిధులను తప్పనిసరి చేసి, ఐదు నుంచి పదేళ్ల లోపు పిల్లలందరినీ బడికి రప్పించింది. 1891లో ప్రాథమిక విద్యలో ఫీజులు దాదాపుగా తొలగిపోయాయి. నిర్బంధ వయసు 1893లో పదకొండుకు, 1899లో పన్నెండుకు, 1918 నాటి ఫిషర్ చట్టంతో పద్నాలుగుకు పెరిగింది. హాజరు అధికారి వీధుల్లో తిరిగి పిల్లలను వెతికేవాడు, తల్లిదండ్రులను మేజిస్ట్రేటు ముందు నిలబెట్టేవాడు. అప్పటి నిర్బంధం గురి పెట్టింది పిల్లల శ్రమ మీద. తండ్రి వారాంతపు కూలి చాలక బిడ్డను మిల్లుకో పొలానికో పంపితే ఆ బిడ్డ పక్షాన చట్టం నిలబడింది. నిర్బంధ విద్యను తలచుకునేటప్పుడు ఈ ఘనతను ముందుగా అంగీకరించాలి. అది లేకపోతే కోట్లాది మంది పిల్లలకు బాల్యమే ఉండేది కాదు.

అయితే ఆ కఠిన కాలంలోనే బడి తన పంచాంగాన్ని జనజీవితానికి తగినట్టు సర్దుకున్నది కూడా. దీనికి కెంట్ ప్రాంతపు హాప్ తోటలు మంచి ఉదాహరణ. బీరుకు చేదు రుచినిచ్చే హాప్ కాయలను సెప్టెంబరులో చేత్తో కోయాలి. తూర్పు లండన్‌లోని పేద కుటుంబాలు, ముఖ్యంగా తల్లులూ పిల్లలూ, వారాల తరబడి కెంట్‌కు తరలివెళ్లి రేకుల గుడిసెల్లో ఉండి ఆ పని చేసేవారు. కూలి డబ్బు వచ్చేది. పొగ లేని గాలి, పొయ్యి చుట్టూ సాయంకాలాలు దొరికేవి. ఇరవయ్యో శతాబ్దపు నడుమ దాకా ఆ కుటుంబాల్లో చాలామంది ఎరిగిన విహారం అదొక్కటే. లండన్ బడుల్లో సెప్టెంబరు హాజరు పడిపోయేది. కెంట్ తోటల ప్రాంతంలోని బడులు మాత్రం తమ వేసవి సెలవులనే కోతకు అనుగుణంగా వెనక్కి జరుపుకునేవి. స్కాట్లండులో నేటికీ అక్టోబరులో వచ్చే బడి సెలవులకు మూలం బంగాళాదుంపల తవ్వకమే. ఇప్పుడు దుంపలను యంత్రాలు తవ్వుతున్నా సెలవు మిగిలిపోయింది.

ఇంతకంటే బోధప్రదమైనది లంకషైర్ నూలు పట్టణాల ఆచారం. ఒక్కొక్క పట్టణం వేసవిలో తనదైన ఒక వారాన్ని ఎన్నుకుని మిల్లులన్నీ ఒకేసారి మూసివేసేది. ఆ వారానికి వేక్స్ వారమని పేరు. ఒకప్పుడు అది ఊరి చర్చి ఉత్సవం. ఆవిరి యంత్రాల కాలంలో బాయిలర్లు శుభ్రం చేసే వారంగానూ, కుటుంబాలు రైలెక్కి బ్లాక్‌పూల్ సముద్రతీరానికి వెళ్లే వారంగానూ మారింది. పట్టణమంతా ఖాళీ అయినప్పుడు బడి తెరిచి ప్రయోజనం లేదు కనుక బడులూ మూతపడేవి. ఓల్డమ్‌ది ఒక వారమైతే బర్న్‌లీది మరొకటి, బ్లాక్‌బర్న్‌ది ఇంకొకటి. అందువల్ల తీరంలోని వసతి గృహాలకు వేసవి పొడుగునా బేరం ఉండేది; ఏ ఒక్క వారంలోనో దేశమంతా వచ్చి పడేది కాదు. యజమాని, బడి, కుటుంబం ఒకే వారం మీద ఒప్పందానికి వచ్చిన వ్యవస్థ అది. ఏ మంత్రిత్వ శాఖా దాన్ని రూపొందించలేదు. ఆ మిల్లులు మూతపడ్డాక జాతీయ పంచాంగం ఆ వారాలను మింగివేసింది. నేటి చర్చల్లో దీని ప్రస్తావన అరుదు కావడం విచారకరం.

శ్రామికులకు జీతంతో కూడిన సెలవు చట్టపు గుర్తింపు పొందినది 1938లో. అంతకు రెండేళ్ల ముందు, 1936లో, స్కెగ్నెస్ తీరంలో బిల్లీ బట్లిన్ మొదటి విహార శిబిరం తెరిచాడు. కుటుంబమంతా కలిసి వారం రోజులు ఊరు దాటి గడపడం యుద్ధానంతర దశాబ్దాల్లో సామాన్యుని హక్కుగా స్థిరపడింది. తండ్రికి ఫ్యాక్టరీ ఏ వారం సెలవిస్తే ఆ వారమే వెళ్లాలి. అది బడి సెలవుల్లో పడవచ్చు, పడకపోవచ్చు. కనుక బడి కొంత చూసీచూడనట్టు ఉండవలసి వచ్చింది. ఆ సడలింపు తరువాతి నియమాల్లోనూ కొనసాగింది. 2006 నాటి విద్యార్థుల నమోదు నియమాల ప్రకారం ప్రత్యేక పరిస్థితుల్లో కుటుంబ విహారానికి ఏడాదికి పది బడి రోజుల వరకు సెలవు ఇచ్చే అధికారం ప్రధానోపాధ్యాయునికి ఉండేది. ఆచరణలో చాలామంది తల్లిదండ్రులు ఆ పది రోజులనూ హక్కుగా భావించారు. నియమం ఇచ్చింది హక్కు కాదు. ప్రధానోపాధ్యాయుని విచక్షణకు చోటు.

ఈలోగా శిక్ష రూపం మారింది. తల్లిదండ్రుల విధిని 1944 నాటి బట్లర్ చట్టం కొత్తగా నిర్వచించింది. అదే విధి 1996 విద్యా చట్టంలోని 444వ సెక్షనులో స్థిరపడింది. బడిలో పేరున్న బిడ్డ క్రమంగా హాజరు కాకపోతే తల్లిదండ్రులు నేరస్థులవుతారు. బిడ్డ బడికి వెళ్లలేదని వారికి తెలియకపోయినా సరే. 2003లో సంఘవిద్రోహ ప్రవర్తన నిరోధానికి తెచ్చిన చట్టం కోర్టుకు వెళ్లనవసరం లేని స్థిర జరిమానాను బడి గైర్హాజరుకూ వర్తింపజేసింది. వీధిలో అల్లరి చేసేవారి కోసం ఉద్దేశించిన చట్టంలోనే బడి మాన్పించిన తల్లిదండ్రులకు కూడా చోటు దొరకడం ఆనాటి ఆలోచనా ధోరణికి గుర్తు. 2012లో ప్రభుత్వ సలహాదారు చార్లీ టేలర్ సమర్పించిన హాజరు నివేదిక నియమాలు బిగించమని సలహా ఇచ్చింది. మైకేల్ గోవ్ విద్యామంత్రిగా ఉన్న కాలంలో, 2013 సెప్టెంబరు 1 నుంచి, ఆ పది రోజుల ప్రస్తావనే నియమాల నుంచి తొలగిపోయింది. అసాధారణ పరిస్థితుల్లో తప్ప సెలవు ఇవ్వరాదన్నారు. కుటుంబ విహారం, దాని ఖర్చు ఎంత తగ్గినా, అసాధారణం కాదన్నది అధికారుల వ్యాఖ్యానం.

ఆ మార్పు ఫలితమే ఐల్ ఆఫ్ వైట్ కౌన్సిల్‌కూ ప్లాట్ అనే తండ్రికీ మధ్య నడిచిన వ్యాజ్యం. 2015 ఏప్రిల్‌లో ఆయన తన చిన్న కూతురిని ఏడు బడి రోజుల పాటు ఫ్లోరిడా తీసుకువెళ్లారు. ప్రధానోపాధ్యాయుడు ముందే అనుమతి నిరాకరించారు. 60 పౌండ్ల జరిమానా, గడువు దాటాక 120 పౌండ్లు, ఆయన చెల్లించలేదు. ఆ పాప మొత్తం హాజరు 90 శాతానికి పైనే ఉన్నది కనుక ఆమె క్రమంగానే బడికి వెళ్తున్నట్టని మేజిస్ట్రేట్లు కేసు కొట్టివేశారు. 2016లో హైకోర్టు వారితో ఏకీభవించింది. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2017 ఏప్రిల్ 6న అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. దాన్ని రాసినవారు లేడీ హేల్.

వ్యాజ్యమంతా చట్టంలోని ‘క్రమంగా’ అన్న ఒక్క మాట చుట్టూ తిరిగింది. దానికి మూడు అర్థాలు సాధ్యమని కోర్టు గుర్తించింది: సమానమైన ఎడంతో, తగినంత తరచుగా, బడి నియమాల ప్రకారం. మొదటిది ఎవరికీ పనికిరాదు, ప్రతి సోమవారం మాత్రమే వచ్చినా క్రమమే అవుతుంది. రెండవదాన్ని కోర్టు తిరస్కరించడానికి చెప్పిన కారణాలు బలమైనవి. ఎంత హాజరు తగినంత అన్నది తల్లిదండ్రులకు ముందుగా తెలియదు. నేరాన్ని నిర్వచించే చట్టంలో అటువంటి సందిగ్ధం తగదు. 1870ల నుంచి ఉన్న ఉపవిధులు బడి తెరిచి ఉన్నంత సేపూ పిల్లలు రావాలన్నాయి. 1944 చట్టం ఆ బాధ్యతను పెంచడానికి వచ్చిందే గాని తగ్గించడానికి కాదు. పైగా ఒక బిడ్డ గైర్హాజరు ఉపాధ్యాయుని పనినీ తోటి పిల్లల చదువునూ భంగపరుస్తుంది. నియమం పాటించి ఖరీదైన సెలవు రోజుల్లోనే ప్రయాణించిన తల్లిదండ్రులకు అది అన్యాయం కూడా. మూడవ అర్థమే నిలిచింది. దాని ప్రకారం అనుమతి లేని ఒక్క రోజు గైర్హాజరు సైతం నేరమే. ఇంత కఠినమైన ఫలితానికి విరుగుడు ప్రాసిక్యూషన్ల విషయంలో వివేకమేనని కోర్టు భావించింది.

న్యాయశాస్త్ర దృష్టితో ఈ తీర్పు దృఢమైనది, చట్టాన్ని ఉన్నదున్నట్టు చదివింది. లోపం చట్టానిది. ప్రధానోపాధ్యాయుని విచక్షణను 2013 నియమం దాదాపుగా హరించింది. తల్లిదండ్రుల వాదనకు ఉన్న చివరి అవకాశాన్ని 2017 తీర్పు మూసివేసింది. మిగిలింది వివేకం మీద ఆశ. కాని జరిమానా కాగితం కంప్యూటర్ నుంచి వచ్చే వ్యవస్థలో వివేకానికి చోటు కొద్ది. 2024 ఆగస్టు నుంచి ఇంగ్లండంతటా ఒకే కొలమానం అమలులోకి వచ్చింది. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటిగా లెక్కించే బడి పూటల్లో, పది బడి వారాల వ్యవధిలో, అనుమతి లేని గైర్హాజరు పది పూటలకు చేరితే జరిమానా ప్రసక్తి వస్తుంది. తల్లికి విడిగా, తండ్రికి విడిగా, ఒక్కొక్క బిడ్డకు విడిగా. 21 రోజుల్లో కడితే 80 పౌండ్లు, 28 రోజుల్లో అయితే 160. మూడేళ్లలో రెండవసారి అయితే నేరుగా 160. మూడవసారికి కోర్టు, అక్కడ 2,500 పౌండ్ల దాకా. 2023-24 విద్యా సంవత్సరంలో ఇచ్చిన నోటీసులు 4 లక్షల 80 వేలు దాటాయి. వాటిలో పదింటికి తొమ్మిది అనుమతి లేని కుటుంబ విహారాలకే.

ఈ అంకె లోతుగా ఆలోచింపజేస్తుంది. నిర్బంధ విద్య ఎవరి కోసం పుట్టిందో ఆ బిడ్డ నేడు వేరే రూపంలో ఉన్నాడు: నెలల తరబడి జబ్బుతో, దిగులుతో, ఇంట్లో ఎవరికో సేవ చేస్తూ, పేదరికంలో ఇల్లు మారుతూ బడికి దూరమైన బిడ్డ. కోవిడ్ తరువాత అటువంటి పిల్లల సంఖ్య ఆ దేశంలో బాగా పెరిగింది. పది శాతం, అంతకు మించి పూటలు కోల్పోయిన పిల్లవాడిని అక్కడి గణాంకాలు దీర్ఘకాలిక గైర్హాజరీగా లెక్కిస్తాయి. ఏడాదికి 190 బడి రోజులున్న చోట అయిదు రోజుల యాత్ర మూడు శాతానికి లోపే. జరిమానా యంత్రాంగం తేలికగా పట్టుకోగలిగినది ఈ మూడు శాతాన్నే, ఎందుకంటే ఆ తల్లిదండ్రులు నిజం చెబుతారు, చిరునామా మార్చరు, డబ్బు కడతారు. కష్టతరమైన గైర్హాజరు దగ్గర జరిమానా చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. తేలికైన దాన్ని శిక్షించి కఠినమైన దాన్ని వదిలిపెట్టిన విధానం తన బలాన్ని తప్పుడు చోట వెచ్చిస్తున్నట్టే.

ధర సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బడులన్నీ ఒకేసారి మూతపడే వేసవి ఆరు వారాల్లో, క్రిస్మస్, ఈస్టర్ వారాల్లో విమాన టిక్కెట్ల, వసతి ధరలు ఎంతో పెరుగుతాయి. ఈ ఫిర్యాదు 2014లో బ్రిటిష్ పార్లమెంటులో చర్చకు కూడా వచ్చింది. ఆ పెంపు గిరాకీ ఒక్క చోట పోగుపడడం వల్ల జరిగేది. ఆ పోగుపాటుకు కారణం ప్రభుత్వాలు ఆమోదించిన పంచాంగం. నలుగురున్న కుటుంబానికి ఆ వ్యత్యాసం జరిమానాకు ఎన్నో రెట్లు ఉన్నప్పుడు, జరిమానాను యాత్ర ఖర్చులో ఒక పద్దుగా కలుపుకునే తల్లిదండ్రులు ఏర్పడక తప్పదు. అప్పుడు నియమానికి గౌరవం పోతుంది. కట్టగలిగినవారు వెళ్తారు, కట్టలేనివారు ఇంట్లో ఉంటారు. సమానత్వం కోసం పెట్టిన నియమం తారతమ్యాన్ని పెంచుతుంది. 2019లో నాటింగమ్‌షైర్ కౌంటీ అక్టోబరు సెలవును రెండు వారాలకు పొడిగించి చూసింది. మిగిలిన దేశం బడిలో ఉన్న వారంలో అక్కడి కుటుంబాలు చవకగా ప్రయాణించగలగడం ఆ ప్రయత్నం వెనుక ఒక ఉద్దేశం. వేక్స్ వారాల నీతినే అది తెలిసో తెలియకో అనుసరించింది.

చిన్నపిల్లల విషయంలో గైర్హాజరు చేసే నష్టాన్ని తక్కువ చేసి చెప్పడం ఈ ఉపన్యాసం ఉద్దేశం కాదు. హాజరు బాగా ఉన్న పిల్లలు పరీక్షల్లో మెరుగ్గా ఉంటారని ఇంగ్లండు అధికారిక విశ్లేషణలు పదేపదే చూపాయి. అయితే ఆ లెక్కలో జబ్బు, పేదరికం, ఇంటి అశాంతి, విహారం అన్నీ కలిసే ఉంటాయి. కలిసి ఉన్న కారణాల్లో ఏది ఎంత అని ఆ లెక్క చెప్పదు. విహారానికి వెళ్లిన వారం వల్లనే మార్కులు తగ్గాయని దాని నుంచి తేల్చడం తర్కానికి నిలవదు. తరగతి గది చెప్పేది మరింత సూక్ష్మమైనది. అయిదారేళ్ల పిల్లలు అక్షరం నుంచి గుణింతానికి, గుణింతం నుంచి పదానికి వెళ్లే దశలో ఒక వారం పాఠం మరో వారం పాఠాన్ని పట్టుకుని ఉంటుంది. అల్లికలో ఒక కన్ను జారితే వెంటనే కనబడదు, నాలుగు వరుసలు పోయాక వదులు తెలుస్తుంది. ఒక్క బిడ్డకైతే ఉపాధ్యాయుడు పక్కన కూర్చోబెట్టుకుని ఆ కన్నును తిరిగి ఎత్తగలడు. ముప్పై మంది తరగతిలో ఒక్కొక్క వారం ఒక్కొక్కరు చొప్పున నలుగురైదుగురు వెళ్లి వస్తే ఉపాధ్యాయుడు ఏడాది పొడుగునా వెనక్కే నడవాలి. పిల్లల స్నేహాలు కూడా ఆ వయసులో రోజుల మీదే అల్లుకుంటాయి. బడి తెరిచిన మొదటి వారాల్లో లేని బిడ్డకు చోటు దొరకడం కష్టం. కనుక ఏ వారమైనా ఒకటే అనడం సరికాదు. బడి తెరిచిన తొలి వారాలు, కొత్త పాఠ్యక్రమం మొదలయ్యే రోజులు, నిర్ణీత పరీక్షల రోజులు దాటరాని గీతలు. మిగిలిన రోజుల్లో ఒక్కొక్క బిడ్డ చదువు ఏ స్థితిలో ఉన్నదో తెలిసినవారు ఒక్కరే, ఆ ఉపాధ్యాయుడు. నిర్ణయం వారి దగ్గర ఉండవలసినది అందుకే.

ఇంగ్లండు చట్టంలోనే ఒక విచిత్రం ఉంది. నిర్బంధ వయసు మొదలయ్యేది ఐదేళ్లు నిండిన తరువాత వచ్చే డిసెంబరు 31, మార్చి 31, ఆగస్టు 31 తేదీల్లో ఒకదానితో. బడిలో మొట్టమొదటిదైన రిసెప్షన్ తరగతిలో ఎక్కువమంది నాలుగేళ్లకే చేరతారు. ఆ నెలల్లో బిడ్డ బడిలో ఉన్నా చట్టం దృష్టిలో నిర్బంధం లేదు, జరిమానా లేదు. అక్షరాలు నేర్చే తొలి నెలల్లోనే చట్టం తల్లిదండ్రులనూ బడినీ పరస్పర నమ్మకానికి వదిలివేసింది. ఆ తరగతులు సజావుగానే నడుస్తున్నాయి. పొరుగున స్కాట్లండులో ఈ స్థిర జరిమానా పద్ధతే లేదు. వేల్స్‌లో పది రోజుల దాకా అనుమతించే విచక్షణ ప్రధానోపాధ్యాయునికి నేటికీ ఉంది. ఒకే ద్వీపంలో మూడు పద్ధతులు పక్కపక్కనే ఉన్నాయి.

ఐరోపా ఖండంలో మరో మార్గం కనిపిస్తుంది. జర్మనీలో బడి విధి చాలా పాతది. ప్రష్యాలో రెండవ ఫ్రెడరిక్ 1763లోనే గ్రామీణ బడుల శాసనం జారీ చేశాడు, 1919 వైమార్ రాజ్యాంగం దాన్ని సార్వత్రిక విధిగా ప్రకటించింది. అక్కడి కాఠిన్యం ఇంగ్లండు కంటే తక్కువ కాదు. 2018 మే నెలలో, పెంతెకొస్తు సెలవులకు ముందు రోజుల్లో, బవేరియా పోలీసులు మెమ్మింగెన్ విమానాశ్రయంలో బడి ఈడు పిల్లలతో ప్రయాణిస్తున్న కుటుంబాలను ఆపి ప్రశ్నించారు. అయినా అక్కడ రాజ్యం తన వంతు కూడా నెరవేరుస్తుంది. 16 రాష్ట్రాలు వేసవి సెలవులను వేర్వేరు వారాల్లో మొదలయ్యేలా ముందుగానే ఒప్పందం చేసుకుంటాయి. ఫ్రాన్స్ శీతకాల, వసంత సెలవులను మూడు మండలాలుగా విడదీస్తుంది. నెదర్లాండ్స్ మూడు ప్రాంతాలుగా విభజిస్తుంది. ఆ దేశపు నిర్బంధ విద్యా చట్టం 1900లో 50కి 49 ఓట్లతో, ఒక్క ఓటు తేడాతో నెగ్గినది. అంత పోరాడి తెచ్చుకున్న చట్టం కింద కూడా, వృత్తి స్వభావం వల్ల బడి సెలవుల్లో ఎన్నడూ ప్రయాణించలేని తల్లిదండ్రుల పిల్లలకు ఏడాదికి ఒకసారి పది రోజుల దాకా అనుమతి దొరుకుతుంది. విద్యా సంవత్సరపు మొదటి రెండు వారాలు మాత్రం అందుకు మినహాయింపు. పూలతోటల్లో, హోటళ్లలో పనిచేసేవారి బతుకు ఆ చట్టాన్ని రాసినవారి కళ్ల ముందు ఉన్నదనిపిస్తుంది. కఠినంగా ఉంటూనే పంచాంగం బాధ్యతను రాజ్యం తన భుజాన వేసుకోవచ్చునని ఈ దేశాలు నిరూపించాయి.

ఇంగ్లండులో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న విహారం కంటే వేరుగా ఎదురవుతుంది. సంక్రాంతి అక్కడ బడి నడిచే జనవరిలో వస్తుంది. పెళ్లి ముహూర్తాలు మాఘ, ఫాల్గుణ, వైశాఖాల్లో పడతాయి. అక్కడ అవి టర్మ్ రోజులు. ఆగస్టులో హైదరాబాదు టిక్కెట్టు అత్యంత ఖరీదు, పైగా ఇక్కడి బంధువుల పిల్లలు అప్పుడు బడిలో ఉంటారు. అక్కడి బిడ్డకు ఇక్కడి పిల్లలతో ఆడుకునే వేసవి ఏడాదికేడాది తప్పిపోతుంది. తల్లిదండ్రుల మతానికి చెందిన సంస్థ ప్రత్యేకించిన పర్వదినాన గైర్హాజరును చట్టం నేరంగా ఎంచదు. ప్రయాణానికి పట్టే వారానికి మాత్రం ఆ రక్షణ లేదు. ఇంటి దగ్గర తెలుగు వింటూ తిరిగి సమాధానం ఇంగ్లీషులో చెప్పే అయిదేళ్ల బిడ్డ నాయనమ్మ దగ్గర మూడు వారాలుంటే మాట్లాడడం మొదలుపెడుతుంది. ఆ చదువు ఏ హాజరు పట్టీలోనూ నమోదు కాదు. కాని అది చదువే. వయసు దాటిన తరువాత బడి ఎంత శ్రమించినా దాన్ని ఇవ్వలేదు. అనుమతి కోరిన తల్లిదండ్రులు ఇటువంటి విషయాన్ని చెప్పుకున్నప్పుడు దాన్ని తూచే అధికారం ప్రధానోపాధ్యాయునికి లేకపోవడం చట్టపు లోపమే.

భారతదేశంలో నిర్బంధ విద్య వేరే దారిలో నడిచింది. గోఖలే 1911లో ప్రతిపాదించిన ప్రాథమిక విద్యా బిల్లు మరుసటి ఏడాది ఓడిపోయింది. రాజ్యాంగపు 21ఎ అధికరణం 2002 సవరణతో వచ్చింది. దాన్ని అమలుపరిచే విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. అందులో నిర్బంధం ప్రధానంగా ప్రభుత్వానిది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల బిడ్డను బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని 10వ సెక్షను చెబుతుంది, కాని ఆ విధి తప్పినందుకు జరిమానా రాయలేదు. 24వ సెక్షను బిడ్డ హాజరు గురించి తల్లిదండ్రులతో సమావేశమై మాట్లాడే పనిని ఉపాధ్యాయుని విధుల్లో చేర్చింది. అయిదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 అని షెడ్యూలు నిర్ణయించింది. ఆ రోజులు ఎప్పుడన్నది స్థానిక జీవితానికి తగినట్టు కుదుర్చుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో సంక్రాంతికి, తెలంగాణలో బతుకమ్మ, దసరాలకు సెలవులు ఎక్కువ. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం సమ్మక్క–సారలమ్మ జాతర వచ్చినప్పుడు ఆ ప్రాంతపు బడులకు స్థానిక సెలవులు ప్రకటిస్తారు. ఊరంతా గద్దెల వైపు నడుస్తున్నప్పుడు హాజరు పట్టీ తెరిచి కూర్చోవడం వ్యర్థమని పరిపాలన గ్రహించినందువల్ల అక్కడ కుటుంబాన్ని దోషిగా నిలబెట్టవలసిన అవసరమే కలగదు. పట్టణ ప్రాంతపు ప్రైవేటు బడుల్లో మాత్రం పరిస్థితి మారుతోంది. ఒకటో తరగతి బిడ్డ తాతగారి ఊరి తిరునాళ్లకు వెళ్తే వారాంతపు పరీక్ష తప్పిందని డైరీలో ఎర్ర సిరాతో రాసే అలవాటు పెరుగుతోంది. ఆ వయసు బిడ్డకు వారం వారం పరీక్షలే అవసరం లేదన్న మాట విద్యావేత్తలు గట్టిగా చెప్పవలసి ఉంది.

తెలుగు నేల మీద చిన్నపిల్లలు బడి మానే అసలు యాత్ర వలస. పాలమూరు, అనంతపురం, కర్నూలు, ప్రకాశం ప్రాంతాల నుంచి కూలి కోసం వెళ్లే తల్లిదండ్రుల వెంట బిడ్డలు వెళ్తారు; బడి నెలల తరబడి పోతుంది. ఇందుకు ప్రభుత్వాలు రెండు ఏర్పాట్లు చేశాయి. ఒకటి, తల్లిదండ్రులు వెళ్లినా బిడ్డ ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు నడిపిన సీజనల్ హాస్టళ్లు. హాజరు నిలుస్తుంది, కాని ఏడేళ్ల బిడ్డ తల్లికి నెలల తరబడి దూరమవుతాడు. రెండవది పని ప్రదేశపు బడి. పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు కుటుంబాలు ఏటా చలికాలం మొదట్లో వచ్చి ఎండలు ముదిరే దాకా ఉంటాయి. ఆ బట్టీల దగ్గర పిల్లలకు ఒడియాలోనే పాఠాలు చెప్పే బడులు తెరిచి, ఒడియా పుస్తకాలు, ఒడియా తెలిసిన బోధకులను సమకూర్చారు. వలస కుటుంబాల పిల్లలను చేర్చుకోవడం స్థానిక ప్రభుత్వాల బాధ్యత అని విద్యాహక్కు చట్టపు 9వ సెక్షను స్పష్టంగా చెబుతుంది. ఆ సెక్షను ప్రకారం బిడ్డ ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి హాజరు పట్టీలో పేరు రాసుకోవలసినది ఆ ఊరి బడే.